తాడు పట్టుకుని దూకు అన్నాను

"తాడు పట్టుకుని దూకు" అన్నది నేనే. అనడం కూడా కాదు, అరిచాను. ఆగస్టు నెల, సాయంత్రం నాలుగు దాటింది. బర్క్‌లీ మెరీనాలో మా పడవ కట్టుకునే స్లిప్‌లోకి సగం దూరి ఉన్నాం. పడవ అంచుకీ డాక్‌కీ మధ్య నాలుగడుగుల నీళ్ళు. మా ఆవిడ చేతిలో తాడుంది. నా మాట విని దూకింది. కుడికాలు డాక్ అంచున ఆనింది, జారింది, మనిషి నీళ్ళలో పడిపోయింది. పడవ ముక్కు ఆమె వైపే తిరుగుతోంది. ఇంజను ఇంకా రివర్స్‌లోనే ఉంది. నా చెయ్యి గేరు లివర్ మీదే ఉంది. దాన్ని న్యూట్రల్‌కి తేవాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఆరేళ్ళయింది. ఈ సంగతి మా ఇంటి గడప దాటి ఎక్కువ దూరం పోలేదు. ఎవరైనా పడవ గురించి అడిగితే గోల్డెన్ గేట్ వంతెన కింద నుంచి సముద్రంలోకి వెళ్ళిన రోజు గురించి చెబుతాను, ఏంజెల్ ఐలండ్ దగ్గర పడుకున్న రాత్రి గురించి చెబుతాను. ఇది చెప్పను. ఈ మధ్య మా స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురు తెరచాప పడవలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళు గాలి గురించి, తెరచాపల గురించి అడుగుతున్నారు. రేవులోకి రావడం గురించి ఒక్కరూ అడగడం లేదు. నేనూ అడగలేదు. అందుకే చెప్పాలనిపించింది.

నాది కోనసీమ. కాకినాడలో చదువుకునే రోజుల్లో ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గౌతమి దాటి, కోటిపల్లిలో దిగి బస్సెక్కేవాణ్ణి. నీళ్ళంటే నాకు కొత్త కాదన్న ధీమా అక్కడి నుంచి వచ్చింది. ఉద్యోగం కోసం అమెరికా వచ్చి, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఇరవై ఏళ్ళు బతికి, నలభై ఆరో ఏట తెరచాప నడపడం నేర్చుకున్నాను. ఇక్కడ మొదటి మెట్టు ఏఎస్‌ఏ 101 అనే కోర్సు. అందులో ఎక్కువ భాగం తెరచాపల పనే: గాలికి ఎదురుగా అటూ ఇటూ తిప్పుకుంటూ ఎక్కి రావడం, తెరచాప ఎంత బిగించాలి, ఎంత వదలాలి, మనిషి నీళ్ళలో పడితే తిరిగి ఎలా చేరుకోవాలి. ఇంజనుతో నడిపే పని గట్టిగా చేయించేది ఆ పైన వచ్చే 103లో. నేను 101 పూర్తిచేసి ఆగిపోయాను. తెరచాప నాకు తొందరగా పట్టుబడింది. గాలి చెంప మీద ఎటు తగులుతోందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. ఇక ఇంజనుదేముంది అనుకున్నాను. రేవు దాటేదాకా పది నిమిషాలు, రేవు చేరేటప్పుడు పది నిమిషాలు, ఆ కాస్త దానికి ప్రత్యేకంగా నేర్చుకునేదేమిటి అనుకున్నాను.

మరో ఇద్దరు మిత్రులతో కలిసి ఒక పాత కేటలీనా 30 కొన్నాం. ముప్పై అడుగుల పొడవు, దాదాపు పదకొండడుగుల వెడల్పు, పదివేల పౌండ్ల పైచిలుకు బరువు. అడుగున సీసపు కీల్, ఐదడుగుల లోతు. ఇరవై చిల్లర హార్స్‌పవర్ డీజిల్ ఇంజను. దానికి స్టీరింగ్ చక్రం ఉంది. ఆ చక్రమే నన్ను మోసగించింది అని చాలాకాలం అనుకున్నాను. చక్రం తప్పేమీ లేదు. చక్రం చూడగానే కారు గుర్తొచ్చింది, ఆ పోలిక నిజమో కాదో ఒక్కసారైనా సరిచూసుకోలేదు.

కారులో ముందు చక్రాలు తిరుగుతాయి, వెనకవి వాటి వెంట వస్తాయి. పడవ అలా కాదు. చుక్కాని ఉండేది వెనక. ఎడమకు తిప్పితే మొదట జరిగేది పడవ వెనక భాగం కుడికి తన్నుకోవడం. పడవ కీల్ దగ్గర ఒక మేకు కొట్టినట్టు, దాని చుట్టూ తిరుగుతుంది. అంటే ముక్కు పక్క పడవను తప్పించుకుందని ఊపిరి పీల్చుకునేలోగా వెనక భాగం ఇంకో పడవను గీకవచ్చు. పైగా చుక్కాని పనిచేయాలంటే దాని మీదుగా నీళ్ళు పారాలి. ముందుకు పోతున్నప్పుడు ప్రొపెల్లర్ విసిరే నీళ్ళు నేరుగా చుక్కాని మీద పడతాయి. రివర్స్‌లో ఆ నీళ్ళు ముందుకు పోతాయి, చుక్కానికి అందవు. పడవ వెనక్కి కాస్త వేగం పుంజుకునేదాకా చక్రం ఎటు తిప్పినా ఒకటే.

ఇంకో సంగతి. రివర్స్ వేయగానే పడవ తిన్నగా వెనక్కి రాదు. ప్రొపెల్లర్ తిరిగే దిశను బట్టి వెనక భాగం ఒక పక్కకు నడుస్తుంది. మామూలుగా వాడే కుడివాటం ప్రొపెల్లర్‌తో అది ఎడమకు పోతుంది. మాదీ అంతే. పడవ కొన్నాక మూడు నెలలు ఆ స్లిప్‌లోకి వచ్చి పోయాను. ప్రతిసారీ చివర్లో వెనక భాగం డాక్ నుంచి ఎడమకు దూరంగా జరిగేది. ప్రతిసారీ దాన్ని గాలి మీదకి తోశాను. గాలి లేని రోజున కూడా.

ఇక గాలి. వేసవిలో కాలిఫోర్నియా లోపలి సెంట్రల్ వేలీ కాగిపోతుంది, అక్కడి వేడి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి చల్లటి సముద్రపు గాలి గోల్డెన్ గేట్ సందులోంచి తోసుకొస్తుంది. ఆ సందుకు సూటిగా ఎదురుగా ఉండేది బర్క్‌లీ. పొద్దున్న నీళ్ళు అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నం దాటితే ఇరవై నాట్ల గాలి, అంటే గంటకు ముప్పై ఏడు కిలోమీటర్లు, ఇక్కడ మామూలు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. పొద్దున్న పది గంటలకు నేను బాగానే చేసిన పని సాయంత్రం నాలుగింటికి నా చేతిలో ఉండదు. ఇది లెక్క, బడిలో చదువుకున్నదే. ఇంజనీరునై ఉండి ఆ లెక్క పడవ మీద వేయలేదు.

ఆ రోజు హైదరాబాదు నుంచి మా వదినగారు, నేను అన్నయ్యగారు అని పిలిచే తోడల్లుడు వచ్చి ఉన్నారు. ఆల్కట్రాజ్ చుట్టూ తిప్పి చూపించాను. గాలి బాగా పట్టింది, తెరచాపలు బాగా నడిచాయి, అన్నయ్యగారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలకెక్కించుకుని మెరీనాలోకి వచ్చాను. రెండు వరుసల పడవల మధ్య సందు, గాలి కుడి పక్క నుంచి కొడుతోంది. మా స్లిప్‌లోకి ఎడమకు తిరగాలి. ఇంకా రెండు పడవల దూరం ఉండగానే ముక్కు ఎడమకు పడిపోవడం మొదలైంది. నెమ్మదిగా పోతున్న పడవ ముక్కును గాలి ఎప్పుడూ అలాగే నెట్టేస్తుంది. ఎడమ వరుస పడవల లంగర్లు బయటికి పొడుచుకుని ఉన్నాయి. వాటికి తగులుతానేమోనన్న కంగారులో ఇంజను పెంచాను. ఆ వేగంతోనే తిరిగాను. తిరిగేసరికి గాలి సరిగ్గా వీపు వెనక్కి వచ్చింది, అదీ ముందుకే నెడుతోంది. ఆపడానికి రివర్స్ పూర్తిగా లాగాను. వెనక భాగం ఎడమకు పోయింది. డాక్ మాకు కుడి పక్క ఉంది. కళ్ళముందే డాక్ దూరమైపోయింది.

అప్పుడు అన్నాను ఆ మాట.

ఇది ఎంత తప్పో విడమరిచి చెప్పాలి. వెనక భాగం ఎడమకు పోతే ముక్కు కుడికి వస్తుంది. అంటే ఏ డాక్ వైపు ఆమె దూకిందో ఆ వైపే పడవ ముందు భాగం మూసుకొస్తోంది. నాలుగున్నర టన్నులకూ డాక్ దుంగలకూ మధ్య మనిషి. నా పడవ నాకు ఆపడం చేతకాక, ఆపే పని ఆమె ఒంటికి అప్పజెప్పాను. నలభై ఎనిమిది కేజీల మనిషి, చేతిలో తాడు, ఆ తాడుతో ఆమె ఈ బరువును లాగి పట్టాలని నా ఆశ. తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఎవరికైనా తెలిసే విషయం.

డాక్‌కు అవతలి పక్క పడవలో ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై దాటి ఉంటుంది. ఆమె పెట్టిన కేకకి నేను లివర్ మధ్యకు తెచ్చాను. అప్పటికే ఆమె తన పడవకు వేలాడుతున్న ఫెండర్‌ను, ఆ లావుపాటి గాలి బుంగను, తాడుతో సహా పీకి మా పడవకీ డాక్‌కీ మధ్య దింపేసింది. పడవ ముక్కు దాన్ని నలిపి ఆగింది. మా వదినగారు "చెల్లీ" అని అరుస్తున్నారు. అన్నయ్యగారు అటు దిగి, ఆ పెద్దావిడా ఆయనా కలిసి లైఫ్ జాకెట్ పట్టీలు పట్టుకుని మా ఆవిణ్ణి పైకి లాగారు. మోకాలి కింద జానెడు మేర చర్మం గీరుకుపోయింది. ఎడమ మణికట్టు బెణికింది. ఆ నీళ్ళు వేసవిలో కూడా పదహారు డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. పళ్ళు కటకటలాడుతుంటే ఆమె అడిగిన మొదటి మాట, "పడవకేం కాలేదు కదా?"

ఇంతకంటే చెప్పడానికి కష్టమైన మాట ఇంకోటుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర వదినగారు ఎలా జరిగిందని అడిగితే, "తను కాస్త ఆలస్యంగా దూకింది" అన్నాను. మా ఆవిడ కంచంలోంచి తల ఎత్తలేదు. వాళ్ళు పడుకున్నాక వంటింట్లో మణికట్టుకు గుడ్డ చుట్టుకుంటూ, మెల్లగా అంది: "పడవ ఆపడం మీకు రాదని నాకు మొదటి నెల్లోనే తెలుసండీ. చెప్తే కోప్పడతారని ఊరుకున్నాను."

మూడు నెలలుగా ఆమెకు తెలుసు. నేను ఇంజనును చిన్నచూపు చూడడం ఒక ఎత్తు. నా పడవలో ఉన్న మనిషి తనకు కనిపిస్తున్న ప్రమాదాన్ని నోరు విప్పి చెప్పలేకపోవడం ఇంకో ఎత్తు. రేవు దగ్గర పడ్డప్పుడల్లా నేను కేకలు వేసేవాణ్ణి. అటు పట్టుకో, ఇటు తొయ్యి, కాలు పెట్టి ఆపు. ఆ కాలు పెట్టి ఆపు అన్న మాట ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. పడవకీ డాక్‌కీ మధ్య కాలు గానీ చెయ్యి గానీ పెట్టకూడదు. పడవ గీసుకుంటే రంగు వేయించుకోవచ్చు.

మూడు వారాలు అటు వెళ్ళలేదు. నాలుగో వారం ఒక్కణ్ణే వెళ్ళి ఆ పెద్దావిడ పడవ దగ్గర నిలబడి, నేర్పుతారా అని అడిగాను. ఆమె ముప్పై ఏళ్ళు పడవలు నేర్పిన మనిషని అప్పుడు తెలిసింది. ఒప్పుకుంది. మొదటి రోజు పడవ తాళ్ళు విప్పనివ్వలేదు. కట్టి ఉన్న పడవలోనే ఇంజను పెట్టించి, నెమ్మదిగా రివర్స్ వేయించి, నన్ను వెనక్కి వంగి నీళ్ళు చూడమంది. కుడి పక్కన నీళ్ళు బుసబుసా నురగతో పైకి లేస్తున్నాయి. ఎడమ పక్క నిమ్మళంగా ఉంది. నురగ ఏ పక్కన లేస్తే పడవ వెనక భాగం దానికి రెండో పక్కకు పోతుంది. మూడు నెలలుగా నా కాళ్ళ కింద, నాలుగడుగుల దూరంలో ఉన్న సమాధానం అది. వంగి చూడడానికి పది సెకన్లు పట్టింది.

రెండో రోజు మెరీనా బయట, చుట్టూ ఏమీ లేని చోట, నీళ్ళ మీద ఒక ఫెండర్ పడేసి, దాని పక్కన పడవ ఆపమంది. ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడమంది. ఏమీ చేయకుండా పడవ తనంతట తాను ఏం చేస్తుందో చూడాలి. ముక్కు మెల్లగా గాలి నుంచి పక్కకు పడింది, పడవ అడ్డం తిరిగింది, అలాగే పక్కవాటుగా కొట్టుకుపోయింది. మళ్ళీ. మళ్ళీ. రెండు గంటలు అదే. ఏ వేగం నుంచి ఎంత దూరంలో ఆగుతుందో పడవ పొడవులతో కొలిచాను. రెండు నాట్లంటే మనిషి నడక కన్నా తక్కువ. అప్పుడు కూడా న్యూట్రల్‌లో వదిలేస్తే మా పడవ ఎన్నో పొడవులు పోతూనే ఉంది. నేను ఆ స్లిప్‌లోకి వచ్చింది అంతకన్నా ఎక్కువ వేగంతో.

మూడో రోజు వెనక్కి నడపడం. వెనక్కి పోతున్నప్పుడు పడవ గాలికి వీపు పెట్టి నిలబడుతుంది, ముక్కు దానంతటదే గాలివాలుకు సర్దుకుంటుంది. గాలి గట్టిగా ఉన్న సందులో వెనక్కి నడపడమే ఎక్కువ నిలకడ. చక్రాన్ని మాత్రం రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే నీళ్ళ ఒత్తిడికి చుక్కాని ఒక్కసారిగా చివరికంటా తిరిగిపోతుంది. ఉన్నచోటే తిరగడం కూడా నేర్పింది: చక్రం కుడికి పూర్తిగా తిప్పి పెట్టాలి, ఒక్క తోపు ముందుకు, వెంటనే రివర్స్, మళ్ళీ ఒక తోపు. తోపు పడ్డప్పుడల్లా ప్రొపెల్లర్ నీళ్ళు చుక్కానిని కొట్టి వెనక భాగాన్ని ఎడమకు తోస్తాయి. రివర్స్‌లో అది ఎలాగూ ఎడమకే పోతుంది. రెండూ కలిసి పడవ తన పొడవంత చోటులో గుండ్రంగా తిరిగిపోతుంది. అదే ఎడమకు తిప్పబోతే ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం. ఏ అవలక్షణాన్ని గాలి మీదకి తోసి తప్పించుకున్నానో, అదే ఇప్పుడు నాకు పని చేసిపెడుతోంది.

అవన్నీ ఒక ఎత్తు, పడవ నడుముకు కట్టే తాడు ఒక ఎత్తు. పడవ పక్కన సరిగ్గా మధ్యలో ఒక క్లీట్ ఉంటుంది, తాడు చుట్టే కొమ్ము. దానికి ఒక తాడు కట్టి, రెండో కొసన పెద్ద ఉచ్చు వేసి పెట్టుకోవాలి. స్లిప్‌లోకి వస్తూ వస్తూ, డాక్ మొదట్లో ఉన్న క్లీట్ పక్క నుంచి పోతున్నప్పుడు, పడవ మీద నిలబడే ఆ ఉచ్చును పొడవాటి కర్రతో దాని మెడలో వేయాలి. తాడు బిగుస్తుంది, పడవ ఆగుతుంది. అప్పుడు ఇంజను అతి నెమ్మదిగా ముందుకు వేసి, చక్రం డాక్‌కు అవతలి వైపు తిప్పి ఉంచితే, ముందుకు పోలేని పడవ డాక్‌ను ఆనుకుని అలాగే నిలబడిపోతుంది. గాలి ఎటు కొట్టనీ. మిగతా తాళ్ళు తాపీగా కట్టుకోవచ్చు. ఎవరూ దూకక్కర్లేదు. మా పడవకు పన్నెండు అడుగుల తాడు సరిపోయింది. కొలత పట్టి, ఆ చోట మా ఆవిడ ఎర్రదారం కుట్టింది. ఈ తాడు ధర ఇరవై డాలర్లు.

ఆ తాడు బిగిసి పడవ ఆగిన మొదటిసారి కోటిపల్లి పంటు గుర్తొచ్చింది. సరంగు రేవు ఇంకా ఎంతో దూరం ఉండగానే ఇంజను తగ్గించేసేవాడు. రేవు సూటిగా కనబడుతున్నా ముక్కు ఎగువకు పెట్టేవాడు. ప్రవాహం పంటును తనంతట తాను కిందికి దింపుకుంటూ రేవు పక్కకు చేర్చేది. తాడు విసిరితే గట్టు మీద మనిషి గుంజకు చుట్టేవాడు. అప్పటిదాకా ఎవరైనా అంచుకు వస్తే సరంగు గట్టిగా కసిరేవాడు. బస్సు వెళ్ళిపోతుందేమోనని నేను లోపల విసుక్కునేవాణ్ణి. నీటికి ఎదురుగా పెట్టి నెమ్మదిగా చేరడం, ఆగాకే మనుషులను దింపడం, ఈ రెండూ నా కళ్ళ ముందు ఏళ్ళ తరబడి జరిగాయి. చూడలేదు. నీళ్ళు కొత్త కాదన్న ధీమా మాత్రం మోసుకుంటూ సముద్రాలు దాటాను.

హైదరాబాదుకు ఫోన్ చేసి వదినగారికి, అన్నయ్యగారికి నిజం చెప్పాను. తను ఆలస్యంగా దూకలేదు, నేను దూకమని ఉండకూడదు అని. మా ఆవిడ పక్కనే ఉండగా చెప్పాను. ఆమె మళ్ళీ పడవ ఎక్కడానికి ఐదు నెలలు పట్టింది. ఎక్కమని అడగలేదు. తనే ఒక ఆదివారం లైఫ్ జాకెట్ తీసుకుని కారులో కూర్చుంది.

ఆ రోజు మేమిద్దరం ఒక మాట పెట్టుకున్నాం. మెరీనా నోట్లోకి రాకముందే బయట ఆగి, గాలి ఎటుందో, ఎటు తిరగాలో, ఏ తాడు ముందో పైకి చెప్పుకోవాలి. లోపలికి వచ్చాక తనకు ఏ క్షణంలోనైనా తేడాగా అనిపిస్తే "వద్దు" అంటే చాలు. కారణం అడగకూడదు, ముఖం చిట్లించకూడదు. పడవను వెనక్కి తీసి బయటికి పోవాలి, మళ్ళీ రావాలి. పడవ నేర్చుకుంటున్న మన వాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే: తెరచాప ఎత్తడానికి ముందు ఇంజనుతో ఆపడం నేర్చుకోండి, మీతో పడవెక్కిన మనిషికి ఆ "వద్దు" అనే హక్కు ఇవ్వండి.

ఇప్పటికి మా ఆవిడ ఆ మాట పదకొండుసార్లు అంది. పదకొండుసార్లూ పడవను బయటికి తిప్పాను.